మలయా చెట్టు, మానుకోట బండి
(ఓరుగల్లు దారులు: 14వ భాగం)

నిజాం రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని తెరిచిన కథ గత భాగంలో చెప్పుకున్నాం. ఆ బస్సుల ఇంజన్ల గురించి, టికెట్ల గురించి, రైల్వేకు పోటీగా నడిచే ప్రైవేటు మోటార్లను అదుపు చేయాలన్న సర్కారు ఉద్దేశం గురించి మాట్లాడుకున్నాం. ఆ బస్సులు దేనిమీద నడిచాయన్నది మాత్రం మిగిలిపోయింది. బస్సు రోడ్డు మీద నడుస్తుందని అంటాం కానీ, అది నిజానికి నడిచేది రబ్బరు మీద. ఈ భాగమంతా ఆ రబ్బరు గురించే.

హైదరాబాద్ సంస్థానానికి సొంతంగా చాలా ఉండేవి. సింగరేణి బొగ్గు ఉంది, షాబాద్ సిమెంటు ఉంది, బోధన్‌లో 1937 నుంచి చక్కెర ఫ్యాక్టరీ ఉంది. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు ఉన్నాయి. టైరు మాత్రం లేదు. టైరుకు కావలసిన చెట్టూ ఈ నేలమీద పెరగదు. రబ్బరు చెట్టుకు ఏడాది పొడవునా తేమ కావాలి. జనగామ చెలకల్లో నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎండ. మన దేశంలో ఆ చెట్టు వేళ్లూనింది తిరువాన్కూరు, కొచ్చి, మలబారు కొండవాలుల్లో. టైర్ల తయారీ సంగతి చూస్తే, బెంగాల్‌లోని హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్లప్ కంపెనీ 1936లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1940లో బొంబాయిలో ఫైర్‌స్టోన్ వచ్చింది. జనగామ రోడ్డు మీద తిరిగే మోటారుకు టైరు కావాలంటే అది హుగ్లీ నుంచో, బొంబాయి నుంచో, లేదంటే ఓడ మీద విదేశాల నుంచో రావాల్సిందే. ఇంత దూరం నుంచి వచ్చే వస్తువు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో 1942లో తెలిసింది.

ఆగిపోయింది మలయాలో. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం కోట బహ్రు తీరంలో దిగింది. 70 రోజుల్లో, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు లొంగిపోయింది. ఆ సైనికుల్లో చాలామంది మలయా పొడవునా సైకిళ్ల మీదే వచ్చారు. ఎండకు కాలిన తారు రోడ్ల మీద సైకిల్ టైర్లు పేలిపోతే వాటిని పీకి పారేసి ఒట్టి ఇనుప రిమ్ముల మీదే తొక్కారు. వందల రిమ్ములు ఒకేసారి రోడ్డును రాసుకుంటూ వస్తుంటే రాత్రిపూట ఆ చప్పుడు విని ట్యాంకులు వస్తున్నాయని ఎదుటి పక్షం సైనికులు భ్రమపడ్డారని ఆ యుద్ధ చరిత్రల్లో రాసి ఉంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ రబ్బరు పండే నేలను టైర్లు లేని సైకిళ్లు గెలుచుకున్నాయి.

మలయా, డచ్చి ఇండీస్, ఇండోచైనా చేజారడంతో ప్రపంచ సహజ రబ్బరులో దాదాపు 90 శాతం జపాన్ అధీనంలోకి వెళ్లింది. ఆ రబ్బరు చెట్లకు గీతలు పెట్టి పాలు తీసిన చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి, ఉత్తర సర్కారుల పల్లెల నుంచి తెలుగు కూలీలు మలయా ఎస్టేట్లకు వెళ్లి దశాబ్దాలు గడిచాయి అప్పటికి. తెల్లవారకముందే చెట్టు చెట్టుకూ తిరిగి బెరడు మీద సన్నగా ఏటవాలు గీత పెట్టాలి. ఎండెక్కితే పాలు గడ్డకట్టి ధార ఆగుతుంది కాబట్టి చీకట్లోనే పని. సింగపూరు పడిపోయాక ఎస్టేట్లు మూతపడ్డాయి. కూలి పోయింది, రేషన్ బియ్యం పోయాయి. ఆ కుటుంబాల్లోని మగవాళ్లను తమిళ, మలయ్ కూలీలతో పాటు సయాం–బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్లారు. 415 కిలోమీటర్ల ఆ మార్గం 1943 అక్టోబరులో పూర్తయ్యేసరికి ఎన్ని వేల మంది ఆసియా కూలీలు కలరాకూ, ఆకలికీ, దెబ్బలకూ పోయారో పేరుపేరునా రాసిన జాబితా లేదు. యుద్ధ ఖైదీలకు సమాధులు కట్టారు, రాళ్ల మీద పేర్లు చెక్కారు. కూలీలకు అదీ లేదు. రబ్బరు చరిత్ర రాసేవాళ్లు ఈ మాట దాటవేయకూడదని నా పట్టుదల.

ఇక మన వైపు సంగతి. బ్రిటిష్ ఇండియాలో పెట్రోలు రేషన్ 1941లోనే వచ్చింది. 1942లో టైర్లకూ, ట్యూబులకూ పర్మిట్లు వచ్చాయి. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద, మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మిత్రపక్షానికి మిగిలిన పెద్ద రబ్బరు తోటలు సింహళంలోనూ, మన తిరువాన్కూరు వైపూ ఉన్నవే. ఆ తోటల్లో చెట్టు ఆయుష్షు చూడకుండా పాలు తీశారు. మామూలుగా రోజు విడిచి రోజు గీత పెట్టే చెట్టుకు ఎడతెరిపి లేకుండా గీతలు పడ్డాయి. వచ్చిన రబ్బరు ముందు సైన్యానికి వెళ్లింది. మామూలు మోటారు యజమాని వంతు చిట్టచివరిది.

అప్పుడు బస్సుల వెనక బొగ్గు కుంపట్లు మొలిచాయి. ఇనుప డ్రమ్ములో కర్రబొగ్గు రాజేసి, దాని నుంచి వచ్చే గ్యాసును వడగట్టి ఇంజన్‌లోకి పంపేవారు. ఆనాటి వాళ్లు వాటిని బొగ్గు బస్సులనే అన్నారు. పొద్దున్నే క్లీనరు లేచి పంకా తిప్పి నిప్పు రాజేస్తే చాలాసేపటికి గానీ బస్సు కదిలేది కాదు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారు. పెట్రోలుకు ఈ మారుదారి దొరికింది. టైరుకు మారుదారి ఏది? బొగ్గుతో ఇంజన్ తిప్పొచ్చు, బొగ్గుతో చక్రం చేయలేం.

అందుకే ఆ నాలుగేళ్లూ పాత టైరుకు ప్రాణం పోసే పనివాళ్ల కాలం. టైరు బొక్కపడితే లోపలి వైపు మరో పాత టైరు ముక్క కోసి పెట్టేవారు. దానికే గేటర్ అని పేరు. ట్యూబుకు అతుకు మీద అతుకు వేసేవారు. పైపొర అరిగి గుండు అయిపోయిన టైరును గీకి, కొత్త రబ్బరు పట్టీ చుట్టి, అచ్చులో పెట్టి ఆవిరితో ఉడికించేవారు. మన ఊళ్లలో ఇప్పుడు రీబటన్ అంటున్నది ఆ పనినే. గంధకం కలిపిన రబ్బరును వేడిచేస్తే అది జిగట పోయి గట్టిపడుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆ ఒక్క కిటుకు వల్కనైజింగ్ అనే బోర్డు రూపంలో ఈనాటికీ జనగామ బైపాసు పక్కన రేకుల షెడ్ల మీద కనిపిస్తుంది. ఇన్నేళ్లలో విద్యుత్తు వచ్చింది, అచ్చులు మారాయి. సూత్రం మారలేదు.

రబ్బరు కరువు అగ్రరాజ్యాన్ని కూడా వణికించింది. అమెరికాలో యుద్ధం మొదలయ్యాక అన్నిటికంటే ముందు రేషన్ పెట్టింది టైర్లకే, 1942 జనవరిలో. తినే చక్కెర వంతు తర్వాతే వచ్చింది. కార్లు గంటకు 35 మైళ్లు దాటకూడదన్నారు. 1942 చివర దేశమంతటా పెట్రోలు రేషన్ పెట్టారు. దానికి అసలు కారణం పెట్రోలు కొరత కానే కాదు, జనం కార్లు తక్కువ తిప్పితే టైర్లు తక్కువ అరుగుతాయని. అంతకుముందు జూన్‌లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ పిలుపు ఇస్తే పెట్రోలు బంకుల దగ్గర పాత టైర్లు, రబ్బరు బూట్లు, తోటకు నీళ్లు పెట్టే గొట్టాలు గుట్టలు పడ్డాయి. పౌనుకు ఒక సెంటు ఇచ్చారు. సుమారు 4.5 లక్షల టన్నులు పోగయ్యాయి. అయితే ఒకసారి ఉడికిన రబ్బరును కరిగించి మళ్లీ కొత్తగా చేయడం కుదరదు. దాని నుంచి తీసిన సరుకు నాసిరకం. గుట్టలు చూసి జనానికి ధైర్యం వచ్చింది గానీ సైన్యానికి టైర్లు రాలేదు.

టైర్లు రసాయన శాస్త్రం నుంచి వచ్చాయి. బెర్నార్డ్ బరూక్ నాయకత్వంలో వేసిన కమిటీ 1942 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది: కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు ఆలస్యం లేకుండా కట్టకపోతే యుద్ధమూ నిలవదు, దేశంలో బండ్లూ నిలవవు అని. అప్పటికే గుడ్‌ఇయర్, గుడ్‌రిచ్, ఫైర్‌స్టోన్, యూఎస్ రబ్బర్ కంపెనీలు పోటీ పక్కనపెట్టి పరిజ్ఞానం పంచుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. బ్యూటాడయీన్ మూడు పాళ్లు, స్టైరీన్ ఒక పాలు సబ్బునీళ్లలో చిలికితే పాలలాంటి ద్రవం వస్తుంది. దాన్ని విరిస్తే రబ్బరు. ప్రభుత్వ రబ్బరు అన్న అర్థంలో దానికి జీఆర్‌-ఎస్ అని పేరుపెట్టారు. 1941లో ఏడాది మొత్తానికి 231 టన్నులు చేసిన దేశం 1945 నాటికి నెలకు 70,000 టన్నులు చేసింది. పారిశ్రామిక చరిత్రలో ఇంత వేగంగా లేచి నిలబడిన పరిశ్రమలు తక్కువ.

ఇందులో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. తొలి రోజుల్లో ఆ బ్యూటాడయీన్‌లో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి రాలేదు, ధాన్యపు ఆల్కహాల్ నుంచి వచ్చింది. ఆల్కహాల్‌కు ముడిసరుకు చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ కూడా. అంటే బోధన్‌లో చెరకు ఆడుతున్న సంస్థానానికి రబ్బరు వైపు ఒక దారి తెరిచే ఉంది, నడవడానికి పరిజ్ఞానమూ పెట్టుబడీ లేవు. స్వతంత్ర భారతం ఆ దారి పట్టడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో సింథటిక్స్ అండ్ కెమికల్స్ కంపెనీ మన దేశపు మొదటి కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ తెరిచింది. మొదలుపెట్టింది మొలాసిస్ ఆల్కహాల్‌తోనే.

కృత్రిమ రబ్బరు పుట్టింది అమెరికాలో కాదు. జీఆర్‌-ఎస్ మాతృక బ్యూనా-ఎస్. జర్మనీలో ఐజీ ఫార్బెన్ కంపెనీ రసాయనవేత్తలు 1929లో తయారుచేశారు. ఆ కంపెనీయే యుద్ధం మధ్యలో పోలండ్‌లో ఆష్విట్జ్ పక్కన మోనోవిట్జ్ దగ్గర ఒక పెద్ద బ్యూనా ఫ్యాక్టరీ కట్టడానికి పూనుకుంది. కట్టింది నిర్బంధ శిబిరం ఖైదీలు. వేల మంది చలికీ ఆకలికీ అక్కడే రాలిపోయారు, పనిచేయలేనివాళ్లను గ్యాసు గదులకు పంపారు. ఇటలీ రచయిత, రసాయనవేత్త ప్రైమో లెవీ ఆ శిబిరంలోనే ఉన్నాడు, చివరి నెలల్లో ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేశాడు. ఇన్ని ప్రాణాలు తిన్న ఆ ఫ్యాక్టరీ నుంచి యుద్ధం ముగిసేదాకా ఒక్క కిలో రబ్బరు కూడా బయటికి రాలేదు. సయాం రైలుమార్గం కూలీలను, మోనోవిట్జ్ ఖైదీలను ఒకే కథలో చెప్పడం నాకు అవసరం అనిపించింది. చక్రం చుట్టూ ఉన్న ఆ నల్లటి వలయం కోసం ఇరవయ్యో శతాబ్దం ఇంత చేసింది.

ఇప్పుడు కాస్త టైరు లోపలికి చూద్దాం. ఇది తెలియకపోతే పాత టైరు మీద మనకొచ్చే నిర్ణయాలన్నీ తప్పుతాయి.

జీఆర్‌-ఎస్ టైరు అరుగుదలకు బాగానే తట్టుకుంది. దాని రోగం వేడి. టైరు తిరుగుతుంటే నేలకు తగిలిన చోట నొక్కుకుని, మళ్లీ లేస్తుంది. ప్రతి నొక్కులో కొంత శక్తి వేడిగా మారుతుంది. సహజ రబ్బరు నొక్కినదాంట్లో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది, కాబట్టి లోపల వేడి తక్కువ. కృత్రిమ రబ్బరు అంత తిరిగివ్వదు. కారు టైరు పలచనిది, వేడి బయటికి పోతుంది. లారీ టైరు మందం, వేడి లోపలే పేరుకుని పొరలు విడిపోయి టైరు పేలుతుంది. అందుకే యుద్ధంలోనూ పెద్ద లారీలకూ, విమానాలకూ వేసే టైర్లలో దాచిపెట్టిన సహజ రబ్బరే ఎక్కువ పాళ్లు వాడారు. అదే కాలంలో ట్యూబులకు మరో కృత్రిమ రబ్బరు వచ్చింది, బ్యూటైల్. 1937లో కనిపెట్టిన ఆ రబ్బరు గాలిని సహజ రబ్బరు కన్నా ఎన్నో రెట్లు బాగా పట్టి ఉంచుతుంది. వారానికోసారి గాలి కొట్టే బాధ తగ్గింది. ఈనాటి నల్ల ట్యూబు దాని సంతతే.

వయసు సంగతి వేరు. గాలిలోని ఆక్సిజన్ రబ్బరును లోపలి నుంచి మార్చేస్తుంది. సహజ రబ్బరు ముసలిదైతే ఎక్కువగా మెత్తబడి బలం పోతుంది. కృత్రిమ రబ్బరు బిరుసెక్కుతుంది. గాలిలో కొద్దిగా ఉండే ఓజోన్ సాగి ఉన్న చోట రెండింటినీ పగులగొడుతుంది. టైరు పక్క గోడ మీద కనిపించే సన్నటి బీటలు అవే. ఎండ, వేడి ఈ పనిని వేగిరపరుస్తాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే మానుకోట (మహబూబాబాద్)లో, పెరట్లో నిలబెట్టిన ట్రాలీ టైరు ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది.

యుద్ధకాలపు జనగామకు మళ్లీ వద్దాం. అప్పుడది నల్లగొండ జిల్లా తాలూకా. సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గం మీద స్టేషన్ ఉంది కాబట్టి పట్టణానికి రాకపోకలు ఆగలేదు. స్టేషన్ నుంచి ఊళ్లలోకి మాత్రం ఎడ్లబండే. 1943లో సర్కారు ధాన్యం లెవీ పెట్టింది. పండిన దానిలో ఇంత అని రైతు తక్కువ ధరకు సర్కారుకు కొలవాలి. దొరల గడీల్లో గాదెలు నిండి ఉన్నా లెవీ భారం చిన్న రైతు మీదే పడిందన్నది ఆ తాలూకాలో రగిలిన కోపానికి ఒక మూలం. ఆ ధాన్యం కదిలింది ఎడ్లబండ్ల మీద. అధికారి ఊళ్లోకి వస్తే బండి కట్టుకుని రావాల్సింది వెట్టి కిందే. కిరాయి లేదు, ఎడ్లకు గడ్డి కూడా రైతుదే. ఆ రోజుల్లో మోటారు టైరు లేకపోవడమంటే పట్నంలో షావుకారు కారు కొట్టంలో ఉండటం. పల్లెలో దాని అర్థం ఒకడి ఎడ్లు ఇంకో పది కోసులు ఉచితంగా నడవడం. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు కడవెండిలో 1946 జూలై 4న రైతు పోరాట కార్యకర్త దొడ్డి కొమురయ్య ఒరిగిపోవడానికి వెనక ఇలాంటి నాలుగేళ్లున్నాయి. కొరత ఎప్పుడూ పై నుంచి కిందికి దొర్లుతుందని ఆ తాలూకా చరిత్ర చదివితే తెలుస్తుంది.

ఆ బండి చక్రం తయారీ ఒక ఊరంతటి పని. వడ్ల ఆయన నడిమి కుండ చెక్కి, ఆకులు దిగేసి, చుట్టూ పూటీలు బిగిస్తాడు. ఇనుప పట్టా వేయడం కమ్మరి వంతు. పట్టాను చక్రం కన్నా కొంచెం చిన్నగా కొలిచి అతికిస్తాడు. నేలమీద గుండ్రంగా పిడకలు పేర్చి, పట్టాను ఆ మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలితే ఇనుము సాగుతుంది. నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేసి సుత్తెలతో సరిచేసి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. ఆవిరి లేస్తుంది, ఇనుము ముడుచుకుంటుంది, చెక్కంతా కిర్రుమంటూ బిగుసుకుంటుంది. మేకు అక్కర్లేదు. ఈ చక్రం పంట పొలంలో, బాటలో తరాలు నడిచింది. దాని లోపం రెండు చోట్ల: సన్నటి పట్టా మెత్తటి నేలలో దిగబడుతుంది, కంకర రోడ్డును కోసేస్తుంది. రోడ్డు ఇంజనీర్లు ఈ ఇనుప పట్టా మీద ఎన్నో దశాబ్దాలు మొత్తుకున్నారు.

ఎడ్లబండికి గాలి టైరు వేయవచ్చని డన్లప్ వాళ్లు స్వాతంత్ర్యానికి ముందే ప్రచారం మొదలుపెట్టారు. పశువులు లాగే బండ్ల టైర్లంటూ మన టైరు పరిశ్రమ లెక్కల్లో వేరే పద్దే ఉంటూ వచ్చింది. అదే జత ఎడ్లు అదే రోడ్డు మీద మరింత బరువు లాగగలవు, మెడ మీద కుదుపు తగ్గుతుంది. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970ల చివర దేశంలోని కోటికి పైగా ఎడ్లబండ్ల గురించి పెద్ద అధ్యయనం చేసి, బండిని బాగుచేయడం వెనుకబాటుతనం కాదు, అవసరం అని వాదించారు. ఆయన మాట విన్నవాళ్లు తక్కువ. పైగా కొత్త టైరు, బేరింగుల ఇరుసు మన రైతుకు అందని ధర. అందింది పాతది.

మానుకోట, కేసముద్రం మార్కెట్లకు మిరపకాయ బస్తాలు తెచ్చిన టైరు బండ్లను చూసినవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ టైర్లు కొత్తగా బండి కోసం కొన్నవి అరుదు. లారీ కింద అరిగి, రీబటన్ పడి, మళ్లీ అరిగి, ఇక పోలీసు చూస్తే ఆపుతాడనుకున్నాక అమ్మేసినవి, తుక్కుకు పోయిన జీపు ఇరుసుతో పాటే వచ్చినవి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన జీపులు, ట్రక్కులు వేలంలో అమ్ముడై మన రోడ్ల మీదికి చాలా వచ్చాయి. డిస్పోజల్ బండ్లని వాటిని పిలిచేవారు. యుద్ధకాలపు కృత్రిమ రబ్బరు మన నేలను తాకిన మొదటి దారుల్లో వాటి టైర్లు ఒకటి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వేడెక్కి పేలిపోయే టైరు, గంటకు 4 కిలోమీటర్ల ఎడ్ల నడకలో వేడే ఎక్కదు. ఎడ్ల వెనక నడిచినప్పుడు గుండు టైరు తప్పు కాదు. నా దృష్టిలో పాత టైరుకు ఇంతకన్నా మర్యాదైన రెండో బతుకు ఎవరూ కనిపెట్టలేదు.

బండికీ పనికిరాని టైరు అక్కడితో ఆగలేదు. పొరలు చీల్చి చెప్పులు కుట్టారు. ముళ్లబాటలో, దున్నిన చెలకలో అవి తోలు చెప్పు కన్నా ఎక్కువ కాలం ఆగేవి, తడిసినా చెడేవి కావు. పెద్ద టైరును నడిమికి కోసి తిరగేస్తే పశువులకు కుడితి తొట్టి. ట్యూబు కత్తిరిస్తే సైకిల్ వెనక మూట కట్టే పట్టీ. గాలి నింపిన లారీ ట్యూబు వేసుకుని వ్యవసాయ బావుల్లో ఎన్ని తరాల పిల్లలు ఈత నేర్చారో లెక్కలేదు. ఒట్టి సైకిల్ టైరును కట్టెతో కొడుతూ వీధంతా పరుగెత్తడం ఊరి పిల్లలందరి ఆట.

ఇక భూపాలపల్లి. మొన్నమొన్నటి దాకా అడవి. సింగరేణి గనులు వచ్చాక పట్టణమైంది, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది, 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్‌లతో పాటే జిల్లా కేంద్రమైంది. ఇక్కడ టైరు కథ తలకిందులవుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే 100 టన్నుల డంపరు టైరు మనిషి కన్నా ఎంతో ఎత్తు, ఒక్కోటి టన్నుకు పైగా బరువు. ఎనభై ఏళ్ల కృత్రిమ రబ్బరు పరిశోధన తర్వాత కూడా ఆ టైరులో సింహభాగం చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరే. కారణం 1942లో కనిపించినదే. మందం ఎక్కువ, బరువు ఎక్కువ, వేడి బయటికి పోయే దారి లేదు. అందుకే గని టైరుకు ఎన్ని టన్నులు, గంటకు ఎన్ని కిలోమీటర్లు అని రెండూ గుణించి ఒక పరిమితి కడతారు. ఆ పరిమితి దాటితే పైకి కొత్తగా కనిపించే టైరు కూడా లోపల చస్తుంది. 2005 నాటి నుంచి కొన్నేళ్ల పాటు ప్రపంచమంతటా గని టైర్లకు కరువొచ్చింది. ఖనిజాల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, టైరు ఫ్యాక్టరీలు అంత వేగంగా పెరగలేదు. డబ్బు చేతిలో ఉన్న కంపెనీలు కూడా డంపర్లు నిలబెట్టుకుని టైర్ల కోసం ఎదురుచూశాయి, అతుకులు వేయించాయి, గని బాటల మీద రాళ్లు ఏరించాయి. యుద్ధం లేకుండానే 1942 తిరిగొచ్చినట్టయింది.

మీ కారు టైరు సంగతి దీనికి భిన్నం. దాని పైపొరలో ఎక్కువ పాలు జీఆర్‌-ఎస్ సంతతే, ఇప్పుడు స్టైరీన్ బ్యూటాడయీన్ రబ్బరు అంటున్నారు. పక్క గోడలో సహజ రబ్బరు పాలు ఎక్కువ. అంటే రోజూ మనం వాడే ఒక్కో చక్రంలో కేరళ చెట్టూ, యుద్ధకాలపు రసాయనమూ కలిసి తిరుగుతున్నాయి.

నాకు నిజంగా బాధ కలిగించేది ఈ చోట చెప్పాలి. కరువులో నేర్చిన అతుకు విద్య గొప్పదే. దాన్ని ఎక్కడ ఆపాలో మనం మరిచిపోయాం. ఎడ్లబండి పోయింది, ట్రాక్టర్ ట్రాలీ వచ్చింది. మిరప ఏరడానికి తెల్లవారుజామున ఊరి నుంచి ఊరికి ఇరవై మంది ఆడవాళ్లను ఎక్కించుకుని పోయే ట్రాలీ కింద, కిక్కిరిసిన ఆటో కింద, బడి పిల్లల వ్యాను కింద ఎడ్లబండికి తగిన టైరు తిరుగుతోంది. వేగం పది రెట్లు పెరిగింది, టైరు మాత్రం పాతదే. రీబటన్‌ను నేను తప్పుపట్టను. మంచి కేసింగ్ చూసి, మంచి షెడ్డులో, సరైన వేడి మీద వేసిన పైపొర నమ్మదగినదే, ప్రపంచమంతటా విమానాల టైర్లకే వేస్తారు. చచ్చిన కేసింగ్ మీద కొత్త పూత వేయడమే ప్రాణాంతకం.

టైరు వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పక్క గోడ మీద చివర నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. 2000 నుంచి ఈ పద్ధతి. మూడే అంకెలు ఉన్నాయంటే ఆ టైరు గత శతాబ్దానిది, దాని గాడి ఎంత లోతుగా కనిపించినా మనుషులున్న బండి కింద దానికి చోటు లేదు. ఐదేళ్లు దాటితే ఏటా చూపించాలి, పదేళ్లు దాటితే మార్చాలి అని టైరు కంపెనీలే చెబుతాయి. బడి వ్యాను ఎక్కే పిల్లల తల్లిదండ్రులు ఆ నాలుగంకెలు ఒక్కసారి వంగి చదివితే చాలు.

టైరు చివరి మజిలీ ఇప్పుడు బట్టీ. పాత టైర్లను గాలి తగలని డ్రమ్ముల్లో వేడిచేసి నూనె, మసిపొడి, ఉక్కుతీగ తీసే పైరోలిసిస్ షెడ్లు దేశమంతా వెలిశాయి. సరిగా నడిపితే అదీ ఒక పనే. సరిగా నడపని చోట పొగ పక్క ఊరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2022 నుంచి టైరు తయారుచేసిన కంపెనీయే పాత టైరుకు జవాబుదారీ అని కేంద్రం నిబంధన తెచ్చింది. చెప్పులు కుట్టిన చేతులకు, తొట్టి కోసిన చేతులకు ఆ నిబంధనలో చోటు లేదు. ఉండాలని నా కోరిక.

వచ్చే భాగం: 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చిన రోడ్లు, అంతకుముందు దళాలు తవ్విన కందకాలు.